మీ మోడల్లో ఉన్న ఇల్లు ఎవరిది? రిజర్వ్ బ్యాంకుకి, కేంద్ర గణాంక శాఖకి బెంగళూరు నుంచి ఒక బహిరంగ లేఖ

నమస్కారమండీ,

రిజర్వ్ బ్యాంకులో దేశ ఆర్థిక వ్యవస్థ ఎటు పోతుందో అంచనా వేసే మోడల్స్ కట్టే వాళ్ళకీ, ఢిల్లీలో కేంద్ర గణాంక శాఖలో ఇంటింటి సర్వేలు డిజైన్ చేసే వాళ్ళకీ కలిపి ఈ లేఖ రాస్తున్నా. మాది కదిరి దగ్గర ఒక ఊరు, అనంతపురంలో ఎకనామిక్స్ ఎంఏ చేశా, ఇప్పుడు బెంగళూరులో అప్పులిచ్చే ఒక కంపెనీలో డేటా పని, ఉండేది కాడుగోడిలో. పగలంతా ఆఫీసులో చూసేది ఎవరు ఈఎంఐ కట్టారు ఎవరు కట్టలేదు అనే లెక్క, సాయంత్రం ఇంటి చుట్టుపక్కల చూసేది ఆ లెక్కలోకి ఎప్పుడూ రాని మనుషుల్ని, అంటే మా వైపు నుంచి, మదనపల్లె రాయచోటి వైపు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్ చుట్టూ బిల్డింగ్ పనులు చేసుకునే వాళ్ళని. మీరిచ్చే ఇళ్ళ పొదుపు లెక్క, అంటే కుటుంబాల పొదుపు లెక్క, వచ్చిన ప్రతిసారీ కూర్చుని చదువుతా, చదివాక ప్రతిసారీ మిగిలే ప్రశ్న ఒకటే, ఈ లెక్కలో ఉన్న ఇల్లు ఎవరిది అని.

ఎందుకు ఇంత గట్టిగా అడుగుతున్నానో చెప్పాలంటే 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉన్న ఆ మూడు నెలల దగ్గర మొదలుపెట్టాలి. ఆ క్వార్టర్లో దేశం జీడీపీ ముందు ఏడాదితో పోలిస్తే దాదాపు నాలుగో వంతు పడిపోయింది. అదే క్వార్టర్లో ఇళ్ళ ఫైనాన్షియల్ పొదుపు, అంటే డిపాజిట్లు, ఇన్సూరెన్స్, షేర్ల లాంటి రూపంలో దాచింది, జీడీపీలో 21 శాతానికి పెరిగిందని మీ బులెటిన్లోనే ప్రాథమిక అంచనా వేశారు, మామూలు రోజుల్లో అది ఏడు ఎనిమిది శాతం దగ్గర ఆడేది. లెక్క తప్పని నేను అనట్లేదు, లెక్క కరెక్టే. మారతహళ్ళిలో సాఫ్ట్‌వేర్ జీతం ఆగకుండా పడింది, హోటళ్ళు లేవు సినిమా లేదు ఊరెళ్ళే పని లేదు, డబ్బంతా అకౌంట్లో అలాగే పడి ఉంది, అది పొదుపు అయింది. అదే వారాల్లో మా కాడుగోడిలో బిల్డింగ్ కూలీలు ఉండే షెడ్లలోని వాళ్ళు చేతిలో ఉన్నది అయిపోయి, దేవనహళ్ళి చిక్కబళ్ళాపురం మీదుగా బాగేపల్లి దారి పట్టి నడిచారు, పిల్లల్ని భుజాన వేసుకుని. కూలి ఆగిపోయింది కాబట్టి పొదుపు లేదు సరే, ఊరికి చేరాక తిండికి అప్పు చేశారు, అంటే వాళ్ళ పొదుపు సున్నా కాదు, మైనస్. రెండూ కలిపి సగటు తీస్తే 21 శాతం అని రికార్డు వచ్చింది.

ఇప్పుడు ఒకే ఇల్లు ఉన్న మోడల్, అంటే దేశంలో కుటుంబాలన్నిటినీ ఒకే సగటు ఇంటిగా చూసే మోడల్, ఆ 21 శాతాన్ని ఎట్లా చదువుతుందో చూడండి. ఇంటికి భయం వేసింది, ముందు జాగ్రత్తగా దాచుకుంది, భయం పోగానే ఆ దాచిందంతా బయటికి తీసి ఖర్చు పెడుతుంది, డిమాండ్ తనంతట తనే లేస్తుంది అంటుంది. కానీ డబ్బు ఎవరి దగ్గర పోగుపడిందో వాళ్ళు ఖర్చు పెట్టే రకం కాదు, పెట్టినా ఒక కారు, ఒక ఫ్లాటు డౌన్ పేమెంటు. ఎవరైతే చేతికొచ్చిన వందలో తొంభై వారంలోనే ఖర్చు పెడతారో వాళ్ళు తిరిగొచ్చింది అప్పుతో, వచ్చాక మొదట చేసింది ఆ అప్పు తీర్చడం. మా వీధిలో కిరాణా కొట్టాయన చాలా కాలం "పాలు, బియ్యం తప్ప ఏమీ కదలట్లేదమ్మా" అనేవాడు. సగటు ఇంటిని పెట్టుకుని కూర్చుంటే ఈ మాట ఎందుకు వస్తుందో అర్థం కాదు.

తర్వాత 2022-23కి వచ్చేసరికి అదే ఫైనాన్షియల్ పొదుపు, అప్పులు తీసేశాక మిగిలేది, జీడీపీలో 5 శాతం దగ్గరికి పడిపోయింది, దాదాపు యాభై ఏళ్ళలో ఇంత తక్కువ లేదని పేపర్లన్నీ రాశాయి. ఇళ్ళు కొత్తగా చేసిన అప్పులు అదే ఏడాది జీడీపీలో 6 శాతానికి దగ్గరగా వెళ్ళాయి. 2023 సెప్టెంబర్లో ఆర్థిక శాఖ ఏమందంటే జనం ఇళ్ళు, బండ్లు కొనుక్కుంటున్నారు, పొదుపు రూపం మారింది అంతే, కష్టమేమీ లేదు అని. దాన్ని ఒప్పుకోని వాళ్ళు జనం ఆదాయం చాలక అప్పు చేసి బతుకుతున్నారు అన్నారు. నెలల పాటు వాదించుకున్నారు. నాకు మాత్రం ఇద్దరూ ఒకే ఇంటి గురించి మాట్లాడుతున్నట్టు అనిపించింది, అటువంటి ఇల్లు ఎక్కడా లేదు. వర్తూరులో ఫ్లాటు కొన్న ఇంటి విషయంలో ఆర్థిక శాఖ మాట నిజం, పెళ్ళికో ఆస్పత్రికో పర్సనల్ లోన్ తీసిన ఇంటి విషయంలో రెండోవాళ్ళ మాట నిజం, ఏది ఎంత అన్నది తేల్చే లెక్క మన దగ్గర లేదు. తేల్చే లెక్క లేకుండా వాదన ఎన్నాళ్ళు సాగినా ఫలితం రాదు కదండీ. కొన్ని నెలలకే, అదే 2023 నవంబర్లో, రిజర్వ్ బ్యాంకు తాకట్టు లేని కన్జ్యూమర్ లోన్ల రిస్క్ వెయిట్, అంటే ఆ లోన్లకి బ్యాంకు ఎంత సొంత పెట్టుబడి పక్కన పెట్టాలో తేల్చే అంకె, 100 నుంచి 125 శాతానికి పెంచింది, అంటే ఏదో ఒక మూల కంగారు మీకూ ఉంది అనే కదా.

అసలు ఈ పొదుపు లెక్క ఎట్లా తయారవుతుందో మామూలు జనానికి తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఎవరూ ఇంటికొచ్చి ఈ ఏడాది ఎంత మిగిలింది అని అడిగి కట్టిన లెక్క కాదు ఇది. బ్యాంకు డిపాజిట్లలో, ఇన్సూరెన్స్‌లో, పీఎఫ్‌లో, షేర్లలో కంపెనీలకీ ప్రభుత్వానికీ చెందింది తీసేసి మిగతాది ఇళ్ళది అనుకోవడం చాలా చోట్ల జరుగుతుంది. పైగా మీ లెక్కల్లో హౌస్‌హోల్డ్ సెక్టార్ అంటే కేవలం సంసారాలు కాదు, రైతు, కిరాణా కొట్టు, వెల్డింగ్ షాపు, కంపెనీగా రిజిస్టర్ కాని ప్రతి చిన్న వ్యాపారం అందులోనే. కొట్టాయన సరుకు కోసం తీసుకున్న అప్పూ, మా పక్కింటావిడ కూతురి కాలేజీ ఫీజుకి తీసుకున్న అప్పూ ఒకే గంపలో పడతాయి. మొదటిది వ్యాపారం బాగుందనే సూచన కావచ్చు, రెండోది జీతం చాలట్లేదనే సూచన కావచ్చు, కలిపితే ఏ సూచనా మిగలదు.

ఇంకోటి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది. ఇల్లు ఇంకో ఇంటికి ఇచ్చిన అప్పు మీ లెక్కలో కొట్టుకుపోయి సున్నా అవుతుంది, ఎందుకంటే ఇచ్చినవాడిదీ తీసుకున్నవాడిదీ ఒకే సెక్టార్. బెంగళూరులో మా వాళ్ళ డబ్బు చాలా వరకు తిరిగేది ఈ సున్నాలోనే. చీటీ తీసుకోండి. ఇరవై మంది కలిసి నెలకి ఐదువేలు వేస్తారు, అవసరం ఉన్నవాడు ముందే తగ్గించి పాడుకుని ఎత్తుకుంటాడు, అవసరం లేనివాడు చివరిదాకా ఆగి లాభపడతాడు. 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయినవి వేరే, షెడ్డులో మేస్త్రీ నడిపేవాటికి ఏ కాగితమూ ఉండదు. తర్వాత లీజు ఇల్లు. బయటి ఊళ్ళ వాళ్ళకి తెలియకపోవచ్చు, ఇక్కడ ఓనరుకి పది పన్నెండు లక్షలు ఒకేసారి ఇచ్చేస్తే రెండు మూడేళ్ళు అద్దె లేకుండా ఉండొచ్చు, ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగిస్తాడు. ఒక డ్రైవరు పదేళ్ళు దాచింది, భార్య నగలు కుదువ పెట్టి తెచ్చింది అంతా ఓనరు చేతిలో ఉంటుంది, ఓనరు దాంతో పై అంతస్తు లేపుతాడు. డ్రైవరుది పొదుపు, ఓనరుది అప్పు, మీకు సున్నా. కానీ వచ్చే నెల డ్రైవరుకి యాక్సిడెంట్ అయితే ఆ పది లక్షల్లో పది రూపాయలు కూడా చేతికి రావు. ఆస్తి ఉంది, చేతిలో డబ్బు లేదు. ఇట్లాంటి ఇళ్ళ గురించి గ్రెగ్ కాప్లాన్, జొవాని వయలాంటే అనే ఎకనామిస్టులు 2014లో పేపర్ రాశారు, చూడ్డానికి కలిగినవాళ్ళు కానీ నెల జీతం మీదే బతికేవాళ్ళు, పన్ను తగ్గిస్తే పేదవాళ్ళలాగే వెంటనే ఖర్చు పెడతారు అని. వాళ్ళు రాసింది అమెరికా ఇళ్ళ గురించి, నేను చదువుతుంటే కళ్ళముందు కనపడింది మాత్రం లీజు ఇళ్ళలో ఉన్న మా క్యాబ్ డ్రైవర్లు.

మీకు తెలిసిన థియరీ మీకే చెప్పడం కాదు గానీ, ఈ లేఖ వేరేవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తా. కీన్స్ ఆదాయం పెరిగితే అందులో కొంత ఖర్చవుతుంది అన్నాడు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1957లో అది కాదన్నాడు, మనిషి చూసేది ఈ నెల ఆదాయం కాదు, జీవితం మొత్తం మీద సగటున ఎంతొస్తుందో అది, అనుకోకుండా వచ్చింది ఎక్కువ భాగం దాస్తాడు అన్నాడు. మోడిగ్లియాని వయసుని తెచ్చాడు, సంపాదించే వయసులో దాచి ముసలితనంలో తింటారని. 1976లో రాబర్ట్ లూకాస్ పాత మోడల్స్ అన్నిటినీ ఒక ప్రశ్న అడిగాడు, ప్రభుత్వం పాలసీ మారిస్తే జనం ప్రవర్తన కూడా మారుతుంది కదా, పాత డేటాలో దొరికిన లెక్క కొత్త పాలసీకి ఎట్లా పనికొస్తుంది అని. చాలా మంచి ప్రశ్న, ఇప్పటికీ మంచి ప్రశ్నే. దానికి జవాబుగా 1982లో కిడ్‌లాండ్, ప్రెస్కాట్ దగ్గర్నుంచి వచ్చిన మోడల్స్‌లో దేశమంతటికీ కలిపి ఒకే ఒక ఇల్లు పెట్టారు, ఆ ఇంటికి భవిష్యత్తు అంచనా తెలుసు, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒకే వడ్డీకి అప్పు దొరుకుతుంది. అక్కడే తేడా వచ్చింది. లూకాస్ అడిగింది జనం ఎట్లా ఆలోచిస్తారో మోడల్లో పెట్టమని, వచ్చింది ఒక్క మనిషి ఎట్లా ఆలోచిస్తాడో.

మన దేశంలో మోడల్ కట్టడం కొత్త కాదు. ఎన్.వి.ఎ. నరసింహం గారు 1956లోనే మన ఆర్థిక వ్యవస్థకి మాక్రో మోడల్ కట్టారు, ఇట్లాంటి వాటిలో మనకి మొదటిది అదేనని చెప్తారు. ఇప్పుడు మీరు వాడే క్వార్టర్లీ ప్రొజెక్షన్ మోడల్, దాని రెండో వెర్షన్, నేను అర్థం చేసుకున్నంత వరకు డిమాండ్‌కి ఒక సమీకరణం, ధరలకి ఒకటి, వడ్డీ రేటుకి ఒకటి, రూపాయి మారకానికి ఒకటి ఉన్న మోడల్. ద్రవ్యోల్బణం 4 శాతం దగ్గర ఉంచడానికి అది పనికొస్తుంది, ఆ పని కోసమే కట్టారు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ అందులో ఇల్లు అనేది విడిగా కనపడదు, డిమాండ్ అనే ఒక్క గీతలో కలిసిపోయింది. పన్ను తగ్గిస్తే ఏమవుతుంది, నెలనెలా ఆడవాళ్ళ అకౌంట్లో డబ్బు వేస్తే ఏమవుతుంది, ఇట్లాంటి ప్రశ్నలకి ఆ గీత జవాబు చెప్పలేదు.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1998లో క్రుసెల్, స్మిత్ అనే ఎకనామిస్టులు రకరకాల ఇళ్ళు పెట్టి మోడల్ కట్టి చూస్తే దేశం మొత్తం లెక్కలు ఒకే ఇల్లు ఉన్న మోడల్ లెక్కలకి చాలా దగ్గరగా వచ్చాయి. ఎందుకంటే ఆస్తి ఎక్కువ భాగం ఉన్నోళ్ళ చేతిలో ఉంది, ఉన్నోళ్ళు అందరూ దాదాపు ఒకేలా పొదుపు చేస్తారు, లేనివాళ్ళు మారినా మొత్తం మీద పెద్దగా తెలియదు. చాలా ఏళ్ళు ఈ మాట పట్టుకునే మోడల్ కట్టేవాళ్ళు రకరకాల ఇళ్ళ జోలికి పోలేదు. కానీ అక్కడ చూసింది పెట్టుబడి ఎంత పోగవుతుందనే దాన్ని. ఆస్తి ఎవరి చేతిలో ఉందో అది ముఖ్యం అయ్యేది అక్కడ. రేపు సోమవారం కొట్లో సరుకు కదులుతుందా లేదా అన్నదానికి ముఖ్యం ఆస్తి కాదు, ఖర్చు, ఖర్చులో లేనివాళ్ళ వాటా ఆస్తిలో వాళ్ళ వాటా కంటే చాలా ఎక్కువ. 2018లో కాప్లాన్, మోల్, వయలాంటే కట్టిన మోడల్లో వడ్డీ రేటు తగ్గిస్తే ఖర్చు పెరిగేది ఎక్కువగా ఉద్యోగాలు, కూలీలు పెరగడం వల్ల అని తేలింది, జనం వడ్డీ చూసుకుని పొదుపు తగ్గించుకోవడం వల్ల వచ్చే భాగం చిన్నది అని. ఇది నాకు నమ్మకంగా అనిపిస్తుంది. 2025లో మీరు రెపో రేటుని, అంటే బ్యాంకులకి మీరు అప్పిచ్చే వడ్డీని, 6.50 నుంచి 5.25కి తెచ్చారు, హోమ్ లోన్ ఉన్న వాళ్ళకి ఈఎంఐలో తేడా వచ్చింది, మంచిదే. మా షెడ్లలో ఎప్పుడూ ఉండే రేటు నూటికి రెండు రూపాయలు, నెలకి. రెపో ఎంత ఉన్నా రెండే, ఊరు వాళ్ళయితే, తెలియని వాళ్ళయితే మూడు. ఈ ఇంటికి మీ వడ్డీ కోత చేరేది ఒకే దారిలో, ఎక్కడో బిల్డరుకి లోన్ చౌకగా దొరికి కొత్త సైటు మొదలుపెడితే, అక్కడ ఇంకో వారం పని దొరికితే.

మా వైపు సంగతి ఒకటి చెప్తా. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటిపోయింది, మదనపల్లె మార్కెట్ పేరు దేశమంతా మోగింది. ఆ టైములో పంట చేతికొచ్చిన వాళ్ళకి ఒక్క సీజన్లో ఎన్నేళ్ళకీ చూడని డబ్బు వచ్చింది. ఫ్రీడ్‌మన్ ప్రకారం ఇది అనుకోకుండా వచ్చిన ఆదాయం, దాచాలి. మా చుట్టాల్లో ముగ్గురు నలుగురు ఏం చేశారో నాకు తెలుసు, పాత అప్పులు కట్టేశారు, బోరు వేశారు, డ్రిప్ వేశారు, ఒకాయన కొడుకుని బెంగళూరు పని మాన్పించి ఊరికి పిలిపించుకున్నాడు. ఫ్రీడ్‌మన్ కరెక్టే, బోరు కూడా పొదుపే. కానీ అది బ్యాంకు డిపాజిట్లలో కనపడదు, నీళ్ళు పడకపోతే ఎక్కడా కనపడదు. ఇక బెంగళూరులో అదే నెలలో టమాటా కొనే కూలి ఇంట్లో ఖర్చు పెరిగి చీటీ కట్టలేకపోయారు. ఒకే ధర, ఒకే కుటుంబంలో అన్న ఊళ్ళో, తమ్ముడు బెంగళూరులో, అన్నకి పొదుపు, తమ్ముడికి లోటు. ఆ నెల అన్నే తమ్ముడికి డబ్బు పంపాడు, మామూలుగా జరిగేదానికి తిరగేసి.

ఇట్లాంటి సంగతి పట్టుకోవడం సాధ్యమేనని చూపించింది మన తెలుగు ఊరే. పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ అనే మెట్ట పంటల పరిశోధన సంస్థ వాళ్ళు 1975 నుంచి కొన్ని ఊళ్ళలో ఇళ్ళ వెంట ఉండి ఏళ్ళ తరబడి లెక్క రాశారు, అందులో ఒకటి పాత మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి. అవే ఇళ్ళు, మళ్ళీ మళ్ళీ, ఆదాయం ఖర్చు అప్పు పశువులు అన్నీ. ఆ డేటా పట్టుకుని రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఎకనామిస్టు 1994లో చూపించింది ఏంటంటే ఇంటి ఆదాయం పడినా ఇంటి ఖర్చు అంతగా పడదు, ఊరి సగటు ఖర్చుతో కలిసి నడుస్తుంది, ఊరంతా ఒకరినొకరు ఏదో ఒక రకంగా ఆదుకుంటారు, అయితే పూర్తిగా కాదు, ఒక ఊళ్ళో భూమి లేనివాళ్ళకి ఆ ఆసరా తక్కువ. అదే డేటాతో రోజెన్‌జ్వైగ్, వోల్పిన్ ఎద్దులు మంచి ఏడాది కొని చెడ్డ ఏడాది అమ్ముకునే పొదుపు అని చూపించారు, రోజెన్‌జ్వైగ్, స్టార్క్ అంతకు ముందే కూతుళ్ళని దూరం ఊళ్ళకి ఇవ్వడం వల్ల కరువు ఏడాదిలో ఆ వియ్యాలు ఆదుకుంటాయని చూపించారు. ప్రపంచంలో పొదుపు గురించి ఎకనామిక్స్ నేర్చుకున్నది ఎంతో కొంత ఔరేపల్లి నుంచి. ఆ డేటా ఇచ్చిన దేశంలో పాలసీ మోడళ్ళు మాత్రం సగటు ఇంటితో నడుస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇప్పుడు బడ్జెట్ల సంగతి. 2025 కేంద్ర బడ్జెట్లో కొత్త ట్యాక్స్ పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను లేకుండా చేశారు, దానివల్ల ప్రభుత్వానికి దాదాపు లక్ష కోట్లు తగ్గుతుందని ఆ స్పీచ్‌లోనే చెప్పారు. ఇటు కర్ణాటకలో గృహలక్ష్మి కింద 2023 ఆగస్టు నుంచి ఇంటి యజమానురాలికి నెలకి 2000. రెండూ ఇళ్ళకి డబ్బు చేర్చే పనులే, కానీ మోడల్లో ఇల్లు ఒకటే అయితే రెండిటికీ ఒకే గుణకం, అంటే రూపాయి ఇస్తే డిమాండ్ ఎంత లేస్తుందనే అంకె, పడుతుంది. మొదటిది మా ఆఫీసు వాళ్ళకి వచ్చింది, చాలామంది హోమ్ లోన్‌కి అదనంగా కట్టారు లేదా మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ పెంచారు. రెండోది మా పనావిడ వాళ్ళ వదినకి వస్తుంది, ఆమె కన్నడ మనిషి, పడిన వారంలోనే స్కూలు ఫీజుకి, గ్యాసుకి పోతుంది. వందలో ఇరవై ఖర్చయ్యే చోటుకీ తొంభై ఖర్చయ్యే చోటుకీ పంపే డబ్బు వేరువేరుగా చూడాలా వద్దా, మీరే చెప్పండి. పన్ను తగ్గించడం తప్పని కాదు, దానికి వేరే కారణాలు ఉండొచ్చు, కానీ మాంద్యం వచ్చినప్పుడు డిమాండ్ లేపడానికి ఏది వాడాలో నిర్ణయించేటప్పుడు ఈ తేడా లక్షల ఉద్యోగాల తేడా.

ఇందులో మా వాళ్ళ సంగతి ఇంకో మెట్టు కింద ఉంది. గృహలక్ష్మికి కర్ణాటక రేషన్ కార్డు ఉండాలి, షెడ్లలో ఉన్న మా తెలుగు ఇళ్ళకి కార్డు ఊళ్ళో ఉంది. అక్కడ ఏం జరుగుతుందంటే, 2024 జూలైలో ఆంధ్రలో ముసలివాళ్ళ పెన్షన్ 3000 నుంచి 4000 చేశారు, ఆ నెల పాత బకాయి కలిపి 7000 చేతిలో పెట్టారు. మాకు తెలిసిన ఒక మేస్త్రీని అడిగితే, "ఇంగ అమ్మకి మందుల దుడ్లు పంపే పని తప్పిందక్కా, ఆ వెయ్యి చీటీకి కడతాండా" అన్నాడు. చూశారా, అమరావతిలో పెంచిన పెన్షన్ బెంగళూరులో చీటీ అయింది. ఆంధ్ర బడ్జెట్ లెక్కలో ఆ వెయ్యి వృద్ధురాలి ఖర్చు, నిజానికి అందులో కొంత వేరే రాష్ట్రంలో ఉన్న కొడుకు పొదుపు. రాష్ట్రాల వారీగా ఆ గుణకం (మల్టిప్లయర్) కట్టేవాళ్ళు ఎవరైనా ఈ దారి పట్టుకోకపోతే ఆంధ్రలో ఫలితం తక్కువ చూస్తారు, కర్ణాటకలో కారణం తెలియని డిమాండ్ చూస్తారు.

ఈ దారి ఎందుకు కనపడదో కారణం మీ సర్వేల్లోనే ఉంది. ఒకే వంటింట్లో తినేవాళ్ళని ఒక ఇల్లుగా లెక్కపెడతారు. తిండి ఖర్చు కొలవడానికి అది సరిపోతుంది. కానీ మా మేస్త్రీకి రెండు వంటిళ్ళు, షెడ్డులో ఒకటి, ఊళ్ళో అమ్మ వండేది ఒకటి, పర్సు మాత్రం ఒకటే. సర్వేలో ఇవి రెండు ఇళ్ళు, వేరువేరు రాష్ట్రాల్లో, ఒకదానికొకటి సంబంధం లేకుండా. 2023-24 ఖర్చుల సర్వేలో నెలకి ఒక మనిషికి పల్లెల్లో 4122, పట్టణాల్లో 6996 రూపాయలు అని వచ్చింది, మా మేస్త్రీ డబ్బు ఈ రెండు అంకెల్లోనూ ఉంది, అతను మాత్రం ఎందులోనూ పూర్తిగా లేడు. అప్పులూ ఆస్తుల సర్వే అయితే ఎన్నో ఏళ్ళకోసారి వస్తుంది, 2013 తర్వాత 2019, అంటే చేతిలో ఉన్న ఆఖరి లెక్క కోవిడ్‌కి ముందుది, ఫోన్లో ఐదు నిమిషాల్లో లోన్ వచ్చే కాలం ఇంకా పూర్తిగా మొదలవ్వని రోజులది.

అందుకే నా విన్నపం చాలా చిన్నది, మీ దగ్గర ఇప్పటికే ఉన్నదాని మీదే. 2025 జనవరి నుంచి మీ లేబర్ ఫోర్స్ సర్వేని మార్చారు, పల్లెలోనూ పట్నంలోనూ ఒకే ఇంటికి వరసగా నాలుగు నెలలు వెళ్తున్నారు. అదే ఇల్లు, నాలుగు సార్లు. ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. ఆ షెడ్యూల్లో నాలుగైదు ప్రశ్నలు పెట్టండి. ఈ నెల వేరే ఊళ్ళో ఉన్న మనవాళ్ళకి ఎంత పంపారు, ఎంత వచ్చింది. చీటీ కట్టారా, ఎత్తారా. బంగారం కుదువ పెట్టారా, విడిపించారా. రేపు పదివేలు అర్జెంటుగా కావాలంటే ఎక్కడ తెస్తారు, ఎంత వడ్డీకి. ఈ చివరి ప్రశ్న ఒక్కటే చాలు, ఏ ఇల్లు అప్పు దొరికే ఇల్లు, ఏది దొరకని ఇల్లు అని విడదీయడానికి, మోడల్ కట్టేవాళ్ళకి కావాల్సింది మొదట అదే. రకరకాల ఇళ్ళ పెద్ద మోడల్ రేపే కట్టమని నేను అడగట్లేదు, రెండే రకాల ఇళ్ళు పెట్టి, అప్పు దొరికేవి ఒకటి దొరకనివి ఒకటి, ప్రతి మానిటరీ పాలసీ రిపోర్టులోనూ మీ మామూలు అంచనా పక్కన దాని అంచనా కూడా వేయండి. రెండూ ఎప్పుడు విడిపోతున్నాయో జనం చూస్తారు, మీరూ చూస్తారు.

రెండోది, మనిషి వెంట వెళ్ళండి. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు 1968 నుంచి నడుపుతున్న సర్వేలో ఇంట్లోంచి పిల్లలు విడిపోయి వేరే ఊరు వెళ్తే వాళ్ళని కూడా లెక్కలో ఉంచుకుంటారు. ఇక్కడ సీఎంఐఈ అనే ప్రైవేటు సంస్థ 2014 నుంచి ఒకే ఇళ్ళ దగ్గరకి ఏడాదికి మూడుసార్లు వెళ్తోంది, కానీ ఆ డేటా కొనుక్కోవాలి, అనంతపురంలో ఎంఏ చేసే పిల్ల కొనలేదు. ప్రభుత్వ డబ్బుతో, అందరికీ ఉచితంగా దొరికేలా, అనంతపురం అన్నమయ్య జిల్లాల్లో కొన్ని ఇళ్ళు, బెంగళూరులో ఉన్న వాళ్ళ రెండో సగం కలిపి మొదలుపెట్టినా చాలు.

ఇళ్ళ ఆదాయం మీద 2026లో సర్వే చేస్తామని మీరు ప్రకటించినప్పుడు నేను నిజంగా సంతోషపడ్డా. 1950లు 60లలో ఇదే ప్రయత్నం చేస్తే చెప్పిన ఆదాయం ఖర్చూ పొదుపూ కలిపినదానికంటే తక్కువ వచ్చింది, 80లలో మళ్ళీ పైలట్ చేసి ఆపేశారు. ఆదాయం ఎంత అంటే ఎవరూ చెప్పరు, ట్యాక్సు వాళ్ళా, రేషన్ కార్డు తీసేస్తారా అని భయం. నా ఆఫీసు అనుభవంతో చెప్తున్నా, ఆదాయం అడిగితే ఒక గుండ్రటి అంకె చెప్పి ఊరుకునేవాళ్ళు ఎవరికి ఎంత పంపారో మాత్రం తడుముకోకుండా చెప్తారు, ఎందుకంటే అది వాళ్ళు గర్వంగా చేసే పని. అక్కణ్ణుంచి మొదలుపెడితే మిగతాది వస్తుంది.

ఒక్క మాట సర్వేకి వచ్చే వాళ్ళ కోసం. కాడుగోడి, బెళతూరు, చన్నసంద్ర వైపు షెడ్లకి వారం మధ్యలో పగలు వస్తే తాళాలు కనపడతాయి, ఖాళీ ఇళ్ళని రాసుకుని వెళ్ళిపోకండి. చాలా సైట్లలో వారం డబ్బులు శనివారం ఇస్తారు, ఆదివారం సాయంత్రం అందరూ అక్కడే ఉంటారు, తెలుగు వచ్చిన వాళ్ళని ఒకరిని తోడు తెచ్చుకోండి, లేదంటే నాకు చెప్పండి, నేను వస్తా.

ఇట్లు,
కాడుగోడి నుంచి ఒక కదిరి మనిషి